చెవి వరసలో చివరివాడు

“చెవికి చివరెవరు?” అని అడిగేశాడు విటోమీర్. అడిగాక గాని తన నోట్లోంచి ఏం ఊడిపడిందో తనకే తెలియలేదు. మెట్లెక్కుతున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాడు, ఎవరి కంటా పడకుండా గోడవారగా కూర్చోవాలి, పేరు పిలిస్తే లేవాలి, లోపలికి పోవాలి, అంతే, నలభై ఆరేళ్ళొచ్చినవాడికి ఇదేం బ్రహ్మవిద్య కాదు అని. తీరా పైకొచ్చి చూస్తే నడవాలో సగం ఊరు కూర్చుని ఉంది. ఈ ఆరోగ్యకేంద్రం కట్టించిన మహానుభావుడెవడో గాని రెండు తలుపులూ పక్కపక్కనే పెట్టించాడు, ఒకదాని మీద చెవి ముక్కు గొంతు అని, రెండోదాని మీద మానసిక వైద్యం అని. రెండింటికీ కలిపి ఒకటే వరస కుర్చీలు. చెవి గదికి పేర్లూ నంబర్లూ లేవు. వచ్చినవాళ్ళు చివరెవరని అడగాలి, ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, ఇక ఆ చెయ్యి వెనకే మన బతుకు. ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి, దేశం పేరే మూడుసార్లు మారింది, ఈ వరస మాత్రం మారలేదు. పక్క గదికి అలా కాదు. నెలల ముందే రాసుకుంటారు, టైముకి నర్సు తల బయటపెట్టి పేరు పిలుస్తుంది. విటోమీర్ పేరు తొమ్మిదిన్నరకి. ఇప్పుడు ఎనిమిదీ నలభై. ముందొస్తే ఎవరూ చూడరనుకున్నాడు, ముందొచ్చినందుకు అందరూ చూశారు, అందరూ చూస్తుంటే నోరు దానంతటదే చెవి వైపు తిరిగింది.

“నేనే నాయనా,” అని చెయ్యెత్తింది బొజిదార్క పిన్ని. పిన్ని అంటే చుట్టమేం కాదు. అతని దుకాణం ఎదురుగా ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి, రోజూ పొద్దున్నే అతని దగ్గర పావుముక్క బూరెక్, పొరల మధ్య జున్ను కూరి కాల్చిన రొట్టె, కొనుక్కుంటుంది, వేడిగా ఉండాలి గాని నోరు కాలకూడదు, నూనె ఉండాలి గాని కాగితానికి అంటకూడదు. “ఏమైందిరా విటా చెవికి?”

“పోటు పిన్నీ.”

“ఏ చెవి?”

అది ఆలోచించుకోలేదు. “ఎడమది,” అన్నాడు.

“ప్రొమాయ,” అంది బొజిదార్క, ఇంకేముంది అన్నట్టు.

“ప్రొమాయే,” అన్నాడు పక్కనున్న స్వెతొలిక్. పోస్టుమాన్‌గా చేసి రిటైరైనవాడు, రెండు చెవులూ సరిగా వినపడవు గాని ఆ మాట మాత్రం ఏ మూల నుంచైనా వినపడుతుంది. అతని పరీక్షలన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఇక్కడైతే నలుగురు మనుషులుంటారని వచ్చి కూర్చుంటాడు.

ప్రొమాయ. ఈ దేశంలో మనుషులు ముసలితనంతో పోరు, తాగి పోరు, రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉంటే మధ్యలోంచి దూసుకుపోయే ఆ గాలి తగిలి పోతారు. మెడ పట్టేసినా అదే, పన్ను పోటైనా అదే, పిల్లలు పుట్టకపోయినా అదే. విటోమీర్ వాళ్ళమ్మ కాలేయం చెడి చచ్చిపోతూ కూడా ఎదురుగది తలుపు వెయ్యమంది. అందుకే జూన్ నెల ఎండ కాగుతున్నా నడవాలో నాలుగు కిటికీలూ బిగించేసి ఉన్నాయి. బయట లిండెన్ చెట్లు విరగబూశాయి, ఆ వాసన మెట్ల దాకా అతనితోపాటు వచ్చి అక్కడే ఆగిపోయింది. లోపలున్నది వేరే వాసన. జ్వరం దిగాలని సిరకాలో ముంచి తొడుక్కున్న తడి ఆరని మేజోళ్ళు, కర్పూరం, వెల్లుల్లి, ఎవరిదో ప్లాస్టిక్ సంచిలో చెమట పట్టిన సాసేజి, అందరూ వదిలిన గాలి, మళ్ళీ అందరూ పీలుస్తున్న గాలి. బొజిదార్క వదిలింది నేను పీలుస్తున్నాను, నేను వదిలింది ఈ ముసలాయన పీలుస్తున్నాడు, ఊపిరి కూడా ఎంగిలే అనుకున్నాడు. స్వెతొలిక్ చెవిలోంచి దూది ఉండ తీసి వెలుతురుకెత్తి చూసుకున్నాడు. పచ్చగా ఉంది. తృప్తిగా రెండువైపులా తిప్పి చూసుకుని మళ్ళీ అదే చెవిలో పెట్టుకున్నాడు. చూడకు, అనుకున్నాడు విటోమీర్, అనుకుంటూనే చూశాడు. ఏడు నెలలుగా ఇదే పని. ఏది చూడకూడదో అదే ముందు కనిపిస్తుంది. మనుషుల్లో మనిషి కనిపించడు, నోటి మూలల నురగ కనిపిస్తుంది, గోళ్ళ కింద నలుపు, దువ్వెన పళ్ళ మధ్య తెల్ల పొట్టు, పలకరిస్తూ నవ్వితే పళ్ళ సందున ఇరుక్కున్న ఆకుకూర. తన సంగతి మాత్రం? బట్టల కింద తనూ అంతే కదా, తడిగా, వెచ్చగా, వాసనగా. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో తన నాలుక తనే చూసుకుని కళ్ళు మూసుకున్నాడు.

చంకలో పిల్లాడితో ఒకమ్మాయి వచ్చి, చెవికి చివరెవరని అడిగి, విటోమీర్ చెయ్యెత్తితే తలూపి, కూర్చోకుండా నేరుగా వెళ్ళి కిటికీ రెక్క జానెడు తెరిచింది. లిండెన్ వాసన ఒక్క గుక్క లోపలికొచ్చింది. విటోమీర్ దాన్ని నోరారా మింగాడు. అంతలోనే నడవా అంతా ఒక్క గొంతుతో “మూసెయ్!” అంది.

“పిల్లాడికి ఊపిరాడట్లేదండీ.”

“ఊపిరాడక ఎవరూ చావలేదమ్మా ఈ ఊళ్ళో, ప్రొమాయ తగిలి చచ్చారు,” అన్నాడు స్వెతొలిక్. అమ్మాయి మూసేసింది.

“నువ్విలా తిరుగు,” అంది బొజిదార్క. ఆమె చేతిసంచిలో లేని మందు లేదు. దగ్గుమందు సీసాలో సారా పోసి తెచ్చుకుంది, మరిది కాచిన ప్లమ్ సారా, దానితో గుర్రాన్ని కూడా లేపొచ్చట. దూది తడిపింది, వేళ్ళ మధ్య నలిపింది, కొస సన్నగా రాలేదని పెదాల మధ్య పెట్టి తడిచేసి మొన తేల్చింది, వద్దనేలోపు అతని చెవిలోకి దోపేసింది. చల్లగా, తరవాత భగ్గున మంటగా, ఆ మంట కింద ఆవిడ ఉమ్మి. విటోమీర్ రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. చెవి వరసలో కూర్చున్నవాడికి చెవి ఉండాలిగా. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

“వెచ్చగా ఉందా?”

“వెచ్చగా ఉంది పిన్నీ.”

ఒక చెవి మూసుకుపోగానే లోపలి చప్పుడు వినపడింది, గుండె, టప్పుటప్పుమని, ఎవరో కింద అంతస్తులో మాంసం కొడుతున్నట్టు. ఈ గుండెని ముగ్గురు డాక్టర్లు చూశారు. ఫిబ్రవరిలో దుకాణంలో బూరెక్ పళ్ళెం పొయ్యిలోంచి తీస్తుంటే రొమ్ము బిగిసిపోయింది, వేళ్ళు కొయ్యబారిపోయాయి, పళ్ళెం నేల మీద పడింది, తనూ పడ్డాడు, పోతున్నాననుకున్నాడు, పోతున్నానని తెలిసి లోపలెక్కడో ఒక మూల, చెప్పుకోకూడదు గాని, హమ్మయ్య అనుకున్నాడు. అంబులెన్సు వచ్చింది, తీగలు పెట్టారు, ఎద్దు గుండెలా ఉందయ్యా నీ గుండె, ఇంటికెళ్ళు అన్నారు. మార్చిలో మళ్ళీ అదే. ఎద్దు గుండే. ఆ మాట విని బావమరిది మిలున్ పెరట్లో గొర్రెపిల్లని కాల్చాడు, ముప్ఫైమంది వచ్చారు, విటోమీర్ ఆరోగ్యానికని సారా గ్లాసులు ఎత్తారు. కాలిన తల అతని ముందే పెట్టారు, గౌరవం కదా, కళ్ళ గుంటల్లోంచి కొవ్వు కారుతోంది, నాలుక పక్కకి వేలాడుతోంది. తిను బావా, నీకోసమే కదా ఇదంతా. తిన్నాడు. గోడ వెనక్కి వెళ్ళి కక్కాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ నవ్వుతూ కూర్చున్నాడు. ఆ ముప్ఫైమందిలో ఎద్దు గుండెకి దిగులుపడ్డవాడు అతనొక్కడే. గుండె జబ్బైతే ఎంత బాగుండేది! గుండె జబ్బైతే ఊరంతా కాఫీ పొట్లాలూ పళ్ళరసం సీసాలూ పట్టుకుని వస్తుంది, మంచం పక్కన కూర్చుంటుంది, ఏమాటకామాట చాలా కష్టపడ్డాడంటుంది. నరాలంటే ఎవరూ రారు. పెళ్ళానికి ఫోన్ చేసి గొంతు తగ్గించి, కొడుతున్నాడా అని అడుగుతారు.

మిలున్‌కి ఒకసారి కొంచెం చెప్పి చూశాడు. కొంచెమే, ఈమధ్య ఏదీ బాగోట్లేదురా అని. “నీకేం తక్కువ బావా?” అన్నాడు మిలున్. “ఇల్లుంది, దుకాణముంది, మా అక్క ఉంది, బంగారంలాంటి కూతురుంది. ఇవన్నీ తిన్నదరక్క వచ్చే రోగాలు. నాలుగు కట్టెలు కొట్టు, అదే పోతుంది.” నిజమే కాబోలనుకుని కొట్టాడు. మే నెలలో, చలికాలానికి కావలసిన కట్టెలన్నీ కొట్టేశాడు, పొరుగువాళ్ళవీ కొట్టాడు, చేతులు బొబ్బలెక్కాయి, ఆ బొబ్బలు పగిలితే వచ్చిన నీరు చూసి ఇంకో రోత. ఊళ్ళో మంచి పేరు మాత్రం వచ్చింది. పెళ్ళాం ల్యూబింక పాపం అలా అనలేదు. ఏమైంది నీకు అంటుంది, ఏం లేదంటాడు, ఏం లేకపోతే ఒక కాలికి మేజోడు వేసుకుని ముప్పావుగంట మంచం మీద ఎందుకు కూర్చున్నావంటుంది. దానికి జవాబేం చెబుతాడు? రెండో మేజోడు వేసుకోవాలంటే వంగాలి, వంగాలంటే ముందు వంగాలని అనిపించాలి, ఆ అనిపించడమనేది ఎక్కడో పోగొట్టుకున్నాడు. దుకాణం మూసి వస్తాడు, పొయ్యి ఆర్పానా అని వెనక్కి వెళ్తాడు, చూస్తాడు, ఆరే ఉంది, వంతెన దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్తాడు, ఆరే ఉంది, ఒక రోజు ఆరుసార్లు తిరిగాడు. పొయ్యిలోకి చెయ్యి పెట్టి చూసి కూడా చెయ్యి నమ్మలేదు.

అసలు మొదలైంది పిండితో. నవంబరులో. పాతికేళ్ళుగా తెల్లవారకముందే లేచి పిండి సాగదీస్తున్నాడు, ముద్దని గాల్లోకి విసిరి బల్ల మీద కొడితే దుప్పటిలా పరుచుకుంటుంది, అవతలున్న మనిషి కనిపించేంత పల్చగా, తొప్లీత్స నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా అలా సాగదీసేవాడు ఇంకొకడు లేడని పేరు. ఆ రోజు విసిరాడు, అది మోచేతుల మీద పడింది, ఎప్పటిలాగే మెత్తగా, గోరువెచ్చగా, నూనెతో జారుతూ, పడగానే ఇది చర్మం అనిపించింది. ఎవరిదో తెలియదు గాని చర్మం. నవ్వుకున్నాడు, నిద్ర చాలట్లేదనుకున్నాడు, మర్నాడూ చర్మమే. ఇప్పటికీ రోజుకి నూటయాభై సార్లు ఆ చర్మాన్ని చేతులకెత్తుకుంటాడు, ఊపిరి బిగబట్టి, మడతల్లో జున్ను కూరుతాడు, జనం వచ్చి నిలబడి ఆవురావురుమని తింటారు, గ్లాసుల్లో పల్చటి పెరుగు తాగుతారు, మూతుల మీద తెల్ల మీసాలు, గడ్డాల మీద నూనె, అబ్బ విటా, ఇవాళ నీ చెయ్యి అద్భుతం అంటారు. నోరు మూసుకుని నమలండర్రా అని అరవాలనిపిస్తుంది. సంతోషం అంటాడు.

ఇవన్నీ భరించేవాడే. కట్టెలు కొట్టుకుంటూ, కొవ్వు మింగి కక్కుకుంటూ చచ్చేదాకా భరించేవాడే, మగాడు కదా, అలా భరించినవాళ్ళు ఊరి శ్మశానంలో వరసలుగా ఉన్నారు. ఏప్రిల్‌లో ఆ ఆదివారం లేకపోతే ఈ మెట్లెక్కేవాడే కాదు. నెవెనకి ఏడేళ్ళు. వంటింట్లో పెరుగు తాగుతోంది, నాన్న వచ్చాడని గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చింది, అతను వంగాడు, మెడ చుట్టూ చేతులేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది. తడిగా, పుల్లటి వాసనతో. అతను అనుకోలేదు, ఒట్టు, ఏమీ అనుకోలేదు, చెయ్యే లేచింది. అరచెయ్యి మొత్తం పిల్ల మొహం మీద పెట్టి తోసేశాడు, వేడి పళ్ళెం తోసినట్టు. నెవెన వెళ్ళి ఫ్రిజ్‌కి తగిలి నిలబడింది. దెబ్బేం తగల్లేదు. అతను కుళాయి దగ్గరికి వెళ్ళి బుగ్గ కడుక్కున్నాడు, సబ్బుతో, రెండుసార్లు, రెండోసారి కడుక్కుంటుండగా వెనక్కి చూస్తే పిల్ల అక్కడే నిలబడి చూస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకునేవాడేమో. ఏదో లెక్క అర్థం కానట్టు కనుబొమలు ముడిచి, అతని చేతులనీ సబ్బునీ చూస్తోంది. పెళ్ళయిన పదకొండేళ్ళకి పుట్టిన పిల్ల, పుట్టినప్పుడు కిలోన్నర, గాజుపెట్టెలో నలభై రోజులు, ఆ నలభై రోజులూ అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాడు, ఒక్కసారి ముట్టుకోనివ్వండి చాలు అని నర్సుల కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ పిల్ల. నెవెనంటే ప్రాణం, ఇప్పటికీ ప్రాణమే, ఆ ప్రాణమంటేనే రోత. ఇంతకన్నా నీచం ఇంకోటుందా? కుక్క కూడా తన పిల్లని నాకుతుంది. తొమ్మిది రోజుల తరవాత మూడోసారి రొమ్ము బిగిసినప్పుడు చూసిన గుండె డాక్టరు, మీకు గుండె కాదు, పైగదికి రాస్తాను వెళ్తారా అని మెల్లగా అడిగితే, ఏ గది అని కూడా అడక్కుండా వెళ్తానన్నాడు.

బొజిదార్క లోపలికి వెళ్ళి వచ్చింది. చుక్కలమందు రాశారట. రాస్తే ఇంటికి పోవచ్చు కదా, పోదే. వచ్చి మళ్ళీ అతని పక్కనే కూర్చుంది. “నీ చెవి సంగతి తేలేదాకా నేను కదలను. పో, నీ వంతే.”

తొమ్మిదీ ఇరవై. “నువ్వెళ్ళమ్మా, చంటిపిల్లాడున్నాడు,” అన్నాడు విటోమీర్ ఆ అమ్మాయితో. నడవా అంతా మెచ్చుకుంది. బంగారంలాంటి మనిషి, వాళ్ళ నాన్నా ఇంతే. అమ్మాయి వెళ్ళింది, పిల్లాడు కెవ్వున ఏడ్చాడు, ఏడుపు ఆగింది, వచ్చి పిల్లాడికి టోపీ కట్టుకుంటూ నిలబడింది. మళ్ళీ అతని వంతు. అతని తరవాత ముక్కు వాచిపోయిన ఒక లావుపాటి మనిషి ఉన్నాడు, లారీ డ్రైవరు.

“మీరు వెళ్ళండి,” అన్నాడు విటోమీర్.

“నేనా? ఎందుకు?”

“నాకు తొందర లేదు.”

ఆ మాట అనకూడదు. ఈ నడవాల్లో వంతు కోసం అన్నదమ్ములు కొట్టుకున్నారు, వియ్యాలవారు మాటలు మానేశారు, పసిపిల్లకివ్వడం వేరు, లారీ డ్రైవరుకిచ్చేవాడు ఇంతవరకూ పుట్టలేదు. డ్రైవరు వాచిన ముక్కు మీదుగా అతన్ని పైనుంచి కిందికి చూశాడు. “ఏముంది లోపల? సూదా?”

“తెలీదు.”

“తెలీకుండా ఎందుకు పంపిస్తున్నావు నన్ను? నేను పోను. నీ తరవాతే.”

లోపల్నుంచి “తరవాతెవరు?” అని కేక. ఎవరూ లేవలేదు. “తరవాతెవరయ్యా?” అని మళ్ళీ. అప్పుడు పక్క తలుపు తెరుచుకుని నర్సు తల బయటపెట్టింది.

“స్తొయీల్కొవిచ్ విటోమీర్! వచ్చారా?”

విటోమీర్ దూది ఉన్న చెవికి వినపడనట్టూ, దూది లేని చెవికి సంబంధం లేనట్టూ కూర్చున్నాడు. లే, అనుకున్నాడు. కాళ్ళు వినలేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, అది అతుక్కోవడం తెలుస్తోంది, ఆ తెలియడం రోతగా ఉంది.

“ఏమ్మా, కళ్ళు కనిపిస్తున్నాయా?” అంది బొజిదార్క. “వీడు మా విటా. బూరెక్ విటా. చెవికొచ్చాడు. ఇంకే విటోమీరో అయ్యుంటాడు, చూసుకో.”

“బూరెక్ దుకాణం అనే రాసుందండీ ఇక్కడ.”

“అయితే తప్పు రాశారు. పొద్దస్తమానం కష్టపడే మనిషిని పట్టుకుని పిచ్చోడంటారేంటి!” అన్నాడు డ్రైవరు, ఇప్పటిదాకా తనే అనుమానించిన సంగతి మర్చిపోయి.

“వాళ్ళ తాత కూడా నాకు తెలుసు,” అని స్వెతొలిక్ కుర్చీలోంచి లేచాడు. “ఆ వంశంలో పిచ్చి లేదు. చెవుడుంది!”

“అయ్యా, నాకెందుకు ఇదంతా?” అంది నర్సు. “రాకపోతే రాలేదని రాసేస్తాను. మళ్ళీ సెప్టెంబరులోనే ఖాళీ.”

“రాసెయ్, రాసెయ్,” అంది బొజిదార్క. అంటూ అతని మోకాలి మీద చెయ్యి వేసింది, నేనున్నాను కదరా అన్నట్టు. వెచ్చటి చెయ్యి, సారా వాసన, మచ్చలు పడ్డ చర్మం. నర్సు జేబులోంచి కలం తీసింది. ఎంత మంచివాళ్ళు వీళ్ళు, ఎంత దారుణమైన మంచివాళ్ళు! తన పరువుని తలా ఒక కొమ్ము పట్టుకుని ఆ తలుపుకి దూరంగా మోసుకుపోతున్నారు, శవాన్ని మోసినట్టు, ఒక్కరికీ బరువు లేదు. కూర్చుంటే చాలు. ఏమీ అనక్కర్లేదు. లోపలికెళ్ళి చెవి చూపించుకుని, చుక్కలమందు రాయించుకుని, అందరికీ దండం పెట్టి ఇంటికి పోవచ్చు. సెప్టెంబరు అంటే మూడు నెలలు. తొంభై రోజులు వంటింట్లోకి అడుగుపెట్టడం, తొంభై సార్లు ఆ పిల్ల తన మొహం చూడ్డం. తనకి బతకాలని పెద్దగా లేదు, అది ఎప్పటినుంచో లేదు, కాని ఆ పిల్ల చూపు ముందు ఇంకో తొంభై రోజులు చావలేడు.

“నేనే,” అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడ్డాడు. “చెవి బాగానే ఉంది పిన్నీ. నేనొచ్చింది ఈ తలుపుకే.”

బొజిదార్క చెయ్యి మోకాలి మీంచి జారి గాల్లో ఒక క్షణం ఆగింది, తరవాత సంచిని ఒళ్ళోకి లాక్కుంది. డ్రైవరు కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు. “ఏమంటాడు? ఏమంటాడు?” అన్నాడు స్వెతొలిక్. వాళ్ళు చూస్తున్న ఆ చూపు విటోమీర్‌కి కొత్త కాదు. పెదవి కొద్దిగా ముడిచి, మెడ కొద్దిగా వెనక్కి లాగి, తడిసినదేదో కాలికి తగిలినట్టు. ఏడు నెలలుగా తను లోకాన్ని చూస్తున్న చూపే అది, ఇవాళ లోకం తిరిగి చూసింది, అంతే తేడా. టోపీ కడుతున్న అమ్మాయి ఒక్కతే, “తొందరగా వెళ్ళండి, తలుపేసేస్తుంది,” అంది, బస్సు దగ్గర ఎవరికైనా చెప్పినట్టు. వెళ్ళాడు.

గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. బల్ల వెనక డాక్టరమ్మ, యాభై దాటిన మనిషి, జుట్టు పిన్నులకి లొంగకుండా, నూనె మరకల కాగితం విప్పుకుని తింటోంది. బూరెక్. మడత చూడగానే తెలిసింది, తన చేతిదే. “కూర్చోండి మేస్త్రీ,” అంది నోట్లో ముద్దతోనే. “ఏమనుకోకండి, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు. మీదే ఇది, నర్సు తెచ్చింది.” పెరుగు సీసా ఎత్తి గటగటా తాగింది. దించింది. పై పెదవి మీద తెల్లగా, మందంగా, ఒక పక్క కొంచెం కారుతూ. తను గుండె విప్పి చెప్పుకోవలసిన దేవుడు ఈమేనన్నమాట. ఏడు నెలలు, ముగ్గురు డాక్టర్లు, అంతమంది ముందు పరువు, అన్నీ దాటి వస్తే చివరికి ఇదే మూతి, ఇదే పెరుగు.

“నిద్ర ఎలా ఉంది?”

“బాగానే ఉంది.”

“ఆకలి?”

“బాగానే ఉంది.”

“పని చేసుకోగలుగుతున్నారా?”

“బాగానే ఉంది.”

“ఇంట్లో?”

“బాగానే ఉంది.” ఎందుకంటున్నాడో తెలియదు. లోపల పుట్టెడు మాటలున్నాయి, తలుపు దాకా వస్తున్నాయి, తలుపు దగ్గర బాగానే ఉంది అని పేరు మార్చుకుని బయటికి పోతున్నాయి. ఆమె రాసుకుంటోంది. ఆ తెల్లది ఆరుతోంది, అంచుల్లో ఎండి గీతలు పడుతోంది, మాట్లాడినప్పుడల్లా పగులుతోంది. కళ్ళు తిప్పుకున్నాడు, కిటికీ, చెట్టు, ఆకులు, మళ్ళీ మూతి. ఆమె చీటీల పుస్తకం దగ్గరికి లాక్కుంది. “అయితే చిన్న మాత్ర ఒకటి రాస్తాను, పడుకునే ముందు. సెప్టెంబరులో ఒకసారి కనిపించండి.” అయిపోయింది. ఇంతే. లేచి పోవడమే. కలం కాగితాన్ని తాకింది.

“మూతి తుడుచుకోండి!” అని అరిచాడు విటోమీర్.

చదువుకున్న మనిషి, తల్లి వయసు కాకపోయినా అక్క వయసు, నోటికి అడ్డూ ఆపూ లేకుండా. డాక్టరమ్మ మెల్లగా కాగితం రుమాలు తీసి మూతి తుడుచుకుంది, శుభ్రంగా, రెండోసారి కూడా, మిగిలిన బూరెక్‌ని సొరుగులో పెట్టేసి సొరుగు మూసింది.

“అసహ్యమేసిందా?”

“వేసింది.”

“నన్ను చూసేనా?”

“అన్నిటినీ చూసి. పిండిని చూసి, మనుషుల్ని చూసి, నన్ను నేను చూసుకుని. కడిగినా పోదు.”

“దిగులు అందరికీ ఏడుపుగానే రాదు మేస్త్రీ,” అంది. “కొందరికి కోపంగా వస్తుంది, కొందరికి ఇలా రోతగా వస్తుంది. జబ్బే అది. మీ బుద్ధి కాదు.” అతను నమ్మలేదు. నమ్మనట్టు ఆమెకీ కనిపించింది. “ఇప్పుడు నామీద అరిచినట్టు ఇంకెవరి మీదైనా అరిచారా?”

“లేదు. దాన్ని ఒక్క మాట అనలేదు.”

“ఎవర్ని?”

“నెవెనని. మా పిల్ల. ఏడేళ్ళు. ఒక్కసారి తోశాను. ఒక్కసారే. మాట ఏం అనలేదు, ఒట్టు. కాని అప్పటినుంచీ నేను ఇంటికొచ్చే వేళకి కుళాయి దగ్గరుంటుంది. మూతి కడుక్కుంటుంది, సబ్బుతో. గిన్నెలు తోమే పీచుతో రుద్దుకుంటుంది. ఎవరూ చెప్పలేదు దానికి. కడుక్కునొచ్చి కొంచెం దూరంలో నిలబడుతుంది, పిలుస్తానేమోనని. పిలవను. మర్నాడు ఇంకా గట్టిగా కడుక్కుంటుంది. మూతి చుట్టూ తోలు లేచిపోయింది. మా ఆవిడకి తెలీదు, ఏదో విటమిన్ తక్కువైందని మాత్రలు తెచ్చి మింగిస్తోంది.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. “మీరు అడిగారా పిల్లని?”

“పొద్దున అడిగాను, నొప్పెడుతోందా అని.”

“ఏమంది?”

“‘బాగానే ఉంది నాన్నా’ అంది.”